చెక్కుచంద్రిక

మూలం

ఆ.వె.
చెక్కు చెక్కుతోడ చెల్లించి వచ్చితి
చెక్కులున్న చొక్క చెక్కు చేసి
చెక్కుపోస్టు కాడ చెక్కింగు దాటితి
చెక్కు చెదరలేదు, చెక్కుమన్న!

అవతారిక

కవి పేరు తెలియదు, కాలం తెలియదు. పద్యాన్ని బట్టి తేలేది ఇంతే: ఇతనికొక అన్న ఉన్నాడు, ఒక గళ్ల చొక్కా ఉంది, అమెరికాలో డబ్బిచ్చి భోజనం చేయవలసిన అగత్యం ఒకటి పడింది. స్వదేశం చేరాక అన్నకు ఫోన్లో పంపిన క్షేమ సమాచారం ఇదని పెద్దలంటారు. ఆ అన్నగారు బ్యాంకులో పనిచేసి రిటైరైనవారట. పద్యం అందిన వెంటనే “ఒరే, రెండో చెక్కుకు స్పెల్లింగు వేరు కదరా” అని ఆయన జవాబు కొట్టారనీ, “తెలుగులో రాస్తే స్పెల్లింగు తప్పెలా పట్టావన్నాయ్” అని తమ్ముడు బిత్తరపోయాడనీ ప్రతీతి. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ ‘చెక్కుచంద్రిక’ వెలువడుతోంది.

మెదక్ జిల్లా కొల్చారం ప్రాంతం వాడైన కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. అందులో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్యాత కూడా శిరసావహిస్తున్నాడు. రెండో సగాన్ని పాటిస్తే ఈ పద్యానికి అసలు వ్యాఖ్యానమే ఉండదు.

ప్రతిపదార్థం

అన్న = ఓ అన్నా! చెక్కు = తిన్నదానికి హోటలువాడు తెచ్చిపెట్టిన బిల్లును; చెక్కుతోడ = బ్యాంకు చెక్కుతో; చెల్లించి = కట్టేసి; వచ్చితి = వచ్చాను; చెక్కులు ఉన్న = గళ్లు ఉన్న; చొక్క = చొక్కాను; చెక్కు చేసి = పెట్టెలో పెట్టి విమానంవాళ్లకు అప్పగించి, చీటీ పుచ్చుకొని; చెక్కుపోస్టు కాడ = రాదారిని ఆపుచేసే చోట; చెక్కింగు = సోదాను; దాటితి = దాటాను; చెక్కు చెదరలేదు = ఒంటిమీద గీత పడలేదు; చెక్కుము = సరిచూసుకో.

తాత్పర్యం

అన్నా, హోటలు బాకీ తీర్చి, సామాను పంపించి, సోదాలు దాటి క్షేమంగా చేరాను. కావాలంటే చూసుకో.

వ్యాఖ్య

తాత్పర్యం రెండు వాక్యాల్లో తేలిపోయింది గనక చదువరులు లేచి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. కూర్చోండి. పద్యంలో ఎనిమిది చోట్ల చెక్కుంది. ఎనిమిదికీ ఎనిమిది రకాల పనులు. ఇన్ని పనులు ఒక్క మాటకే ఎందుకు పడ్డాయన్నదే అసలు విచారం.

ముందుగా మొదటి పాదంలో ఒక శంక. హోటలువాడు ఇచ్చేది బిల్లు కదా, కవి చెక్కంటాడేమి? సమాధానం: అది అమెరికా వాడుక. అక్కడ భోజనమయ్యాక చెక్కు తెమ్మని అడుగుతారు. జేబులోంచి తీసే పది డాలర్ల నోటును మాత్రం బిల్లంటారు. అంటే వాళ్లు చెక్కును బిల్లుతో తీరుస్తారు. లండనులో బిల్లును చెక్కుతో తీర్చేవారు. వ్యవహారం రెండుచోట్లా ఒకటే, పాత్రలు తారుమారయ్యాయి. మన కవి రెండు సంప్రదాయాలనూ కలిపేసి చెక్కును చెక్కుతోనే తీర్చాడు. ఇప్పుడు ఏ హోటలువాడు బ్యాంకు చెక్కు పుచ్చుకుంటాడని మరో శంక. పుచ్చుకోడు. కార్డు అంటే పద్యంలో ఒక చెక్కు పోతుంది. చకోరం వెన్నెల తాగుతుందంటే నమ్మినవాళ్లు దీన్ని నమ్మడానికేం?

ఇక వ్యుత్పత్తి. చెక్కు పుట్టింది ఒక కేకలోంచి. మనదేశంలో చతురంగమనే ఆట దాదాపు 6వ శతాబ్దంలో ఇరానుకు వెళ్లి చత్రంగ్ అయింది. అరబ్బుల నోట శత్రంజ్ అయింది. ఎదుటివాడి రాజుకు ఆపద తెచ్చిన ఆటగాడు ఊరుకోకుండా “షాహ్!” అని హెచ్చరించడం పారశీకుల మర్యాద. షాహ్ అంటే రాజు. ‘అయ్యా, నీ రాజు, చూసుకో’ అని దాని భావం. ఆ కేక అరబ్బుల మీదుగా ఐరోపా చేరి లాటినులో స్కాకస్‌గా మారింది, పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయింది. ఇంగ్లిషువాళ్లు ముందరి ఎస్సు కాస్తా ఊడదీసి చెక్ అని పలికారు. ఎస్చెక్‌కు ఫ్రెంచి బహువచనం ఎస్చెస్. దాన్నుంచి ఇంగ్లిషులో చెస్ వచ్చింది. అంటే వ్యాకరణ రీత్యా చెక్కు ఏకవచనం, చెస్సు బహువచనం! ఇంత దగ్గరి చుట్టాలని ఆ మాటలు వాడే ఇంగ్లిషువాళ్లలోనే చాలామందికి తెలియదు. ఫ్రెంచిలో ఇప్పటికీ ఆ మాటకు ఏకవచనంలో ఓటమి అని అర్థం, బహువచనంలో చదరంగం.

ఆట ముగిసేటప్పుడు ‘షాహ్ మాత్’. ఇది చెక్‌మేట్ అయింది. అరబ్బీ తెలిసినవారు మాత అంటే చచ్చిపోయాడు అని అర్థం చెబుతారు. పారశీకం తెలిసినవారు మాత్ అంటే దిక్కుతోచనివాడు అంటారు. రెండో పక్షమే బలమైనది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, కదలడానికి గడి లేకుండా చేస్తారంతే. మనవాళ్లు ‘ఆట కట్టు’ అంటారు. చావు ప్రసక్తి లేని ఈ తెలుగు మాట ఆట నియమానికి సరిగ్గా అతికింది.

ఇక్కడ ఇంకో మెట్టు దిగాలి. షాహ్ అన్న మాట పాత పారశీకంలో క్షాయథియ. బెహిస్తూన్ కొండను చెక్కి డేరియస్ చక్రవర్తి వేయించిన శాసనంలో తనను తాను ఆ మాటతోనే చెప్పుకున్నాడు. ఏలడం అనే అర్థమున్న ఆ ధాతువూ, మన క్షత్ర, క్షత్రియ శబ్దాల ధాతువూ ఒక తల్లి బిడ్డలు. ఈపాటికి సభలో ఒకరిద్దరు ‘అయితే చెక్కు సంస్కృతమే’ అని లేచి నిలబడి ఉంటారు. వారు దయచేసి కూర్చోవాలి. చుట్టరికం వేరు, పుట్టుక వేరు. పెదనాన్న కొడుకు పేరు చెప్పి పొలం మన పేర రాయించుకుంటే రిజిస్ట్రారు ఒప్పుకోడు. ఆట మనది, కేక వాళ్లది. ఇంగ్లిషు నుంచి వచ్చింది గనక తెలుగులో ఈ మాట అన్యదేశ్యం. ఎన్ని దేశాలు తిరిగి వచ్చినా అన్యదేశ్యమే.

కేక నుంచి కాగితం దాకా అర్థం నడిచిన దారి ఇది. రాజుకు ఆపద అంటే ఆడేవాడు చేస్తున్న పని ఆపి తీరాలి. అందుకని చెక్కుకు ఆపడం, అడ్డు అనే అర్థం వచ్చింది. అడ్డు నుంచి అదుపు. లెక్కలను అదుపులో పెట్టడమంటే ఒకదానితో ఒకటి సరిచూడటం. సరిచూడటానికి దగ్గర ఉంచుకున్న ఆనవాలుకు కూడా అదే పేరు. ఈ ఆనవాలు దగ్గరే బ్యాంకు కాగితం, హోటలు చీటీ, సామాను బిళ్ల మూడూ పుట్టాయి. మరో కొమ్మ ఆట నుంచి కాక ఆటపలక నుంచి మొలిచింది. పలక మీది గళ్లు చెక్కులయ్యాయి, గళ్ల గుడ్డ చెక్కయింది. గళ్ల గుడ్డ పరిచిన బల్ల కథ మాత్రం పాఠాంతరాల దగ్గర చెప్పుకోవాలి.

పాఠాంతర విచారం

అన్నగారి ఆక్షేపణ ఏమిటంటే, బ్యాంకు చెక్కుకు చివర క్యు, యు, ఇ ఉండాలి. సి, కె అని రాయడం అమెరికావాళ్ల అశ్రద్ధ. మనదేశంలో బ్యాంకు మెట్లెక్కిన ప్రతివాడి నమ్మకమూ ఇదే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం క్యు, యు, ఇ అనే రాసింది. అచ్చువేసిన ప్రతి చెక్కుబుక్కు అట్ట మీదా అదే. ఇంత సాక్ష్యం ఉన్నా అన్నగారిదే నవీన పాఠం. తమ్ముడిది ప్రాచీన పాఠం.

లండనులో బంగారం పని చేసేవాళ్లు జనం సొమ్ము దాచిపెట్టడం మొదలుపెట్టి మెల్లగా బ్యాంకర్లయిన రోజుల్లో, ఫలానావారికి ఇంత ఇవ్వమని ఖాతాదారు చీటీ రాసేవాడు. 1659 తారీఖు వేసి 400 పౌండ్లకు రాసిన అలాంటి చీటీ ఒకటి ఇప్పటికీ మిగిలి ఉంది. దాన్ని అప్పట్లో చెక్కనలేదు. 18వ శతాబ్దం మొదట్లో, దొంగకాగితాల బెడద ఆపడానికి అసలు కాగితంలో ఒక ముక్కను కౌంటర్‌ఫాయిల్‌గా దాచుకునే పద్ధతి వచ్చింది. మోసానికి అడ్డు గనక ఆ దాచుకున్న ముక్కను చెక్కన్నారు. పేరు దాచుకున్న ముక్క నుంచి చించి ఇచ్చిన ముక్కకు జారింది. అప్పుడు దాని స్పెల్లింగు సి, కె. మనం నేడు చెక్కుబుక్కులో ఎడం పక్క మిగిల్చే సన్నపాటి చీలికే ఆ పేరుకు అసలు హక్కుదారు. దాన్ని ఎవరూ చెక్కని పిలవరు, నింపేవాళ్లు కూడా తక్కువే.

క్యు, యు, ఇ రూపం 18వ శతాబ్దంలో అక్కడక్కడా కనబడుతూనే ఉంది. దానికి శాస్త్రం కట్టబెట్టినవాడు జేమ్స్ విలియం గిల్బార్ట్. తరవాత 1834లో లండన్ అండ్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు తెరిచినప్పుడు మేనేజరైన పెద్దమనిషి. బ్యాంకుల మీద తాను రాసిన పుస్తకంలో ఆయన ఒప్పుకున్నాడు, చాలామంది సి, కె అనే రాస్తారని. అయినా తాను క్యు రాయడానికి చెప్పిన కారణాల్లో రెండు ముఖ్యం. ఒకటి, చెక్కు అన్న మాటకు ఉన్న మిగతా అర్థాలతో కలగాపులగం కాదు. రెండు, రాజుగారి ఖజానా ఎక్స్‌చెకర్ పేరులో క్యు ఉంది కదా, దానితో పోలిక కుదురుతుంది. దాదాపు అదే కాలంలో, 1828లో, అట్లాంటిక్ అవతల నోవా వెబ్‌స్టర్ తన పెద్ద నిఘంటువు వెలువరించాడు. అనవసరమైన అక్షరాలంటే ఆయనకు పడదు. అమెరికా పాత రూపం మీదే నిలిచిపోయింది.

మొదటి కారణాన్ని ఒప్పుకుందాం. రెండో కారణం మీదే మా ఆక్షేపణ. ఎక్స్‌చెకర్ ఎవరు? 12వ శతాబ్దపు ఇంగ్లండులో, మొదటి హెన్రీ ఏలుబడిలో స్థిరపడిన లెక్కల కచేరీ. జిల్లాల నుంచి షెరీఫులు ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకూ మైకెల్మస్ పండుగకూ వచ్చి వసూళ్ల లెక్క అప్పజెప్పాలి. రాత అంతా రోమను అంకెల్లో. ఆ అంకెలతో కూడికలు వేయడం ఎలాంటిదో ఎవరైనా ఒక మధ్యాహ్నం కూర్చొని ప్రయత్నించవచ్చు. అందుకని పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద చారలతో గళ్లు గీసి, పెన్నీలకొక వరస, షిల్లింగులకొకటి, పౌండ్లకొకటి, ఇరవైలకొకటి, నూర్లకొకటి, వేలకొకటి చొప్పున బిళ్లలు పెట్టి జరిపేవారు. చూడటానికి చదరంగపు పలకలా ఉందని లాటినులో దాన్ని స్కకారియం అన్నారు.

ఇదంతా మనకెలా తెలుసు? అదే కచేరీలో కోశాధికారి అయిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో దీని మీద ఒక గ్రంథం రాశాడు గనక. గ్రంథం పద్ధతి చూడండి: థేమ్స్ నది ఒడ్డున బురుజు కిటికీ దగ్గర గురువు కూర్చొని ఉంటే, శిష్యుడు వచ్చి సందేహాలు అడుగుతాడు. దీనికి స్కకారియమని పేరెందుకు స్వామీ అని అడుగుతాడు. ఆకారం వల్ల అంటాడు గురువు. అంతేనా అని శిష్యుడు వదలడు. చదరంగంలో లాగే ఇక్కడా ఇద్దరి మధ్య యుద్ధం జరుగుతుంది, లెక్క అడిగే కోశాధికారికీ, లెక్క చెప్పే షెరీఫుకూ, మిగతావాళ్లు చుట్టూ కూర్చొని న్యాయం చూస్తారు అని గురువు విస్తరిస్తాడు. శంకలూ సమాధానాలూ మన సొత్తే అనుకునేవారు ఒకసారి ఫిట్జ్‌నీల్‌కు దండం పెట్టుకోవాలి.

సరే, ఆ మాట ఫ్రెంచిలో ఎస్చెకియే, ఇంగ్లిషులో మొదట ఎస్చెకర్. ‘ఎస్’ కనబడగానే పండితులెవరో అది లాటిను ‘ఎక్స్’ ఉపసర్గ చెడి ఇలా అయిందని భ్రమపడి, దిద్ది, ఎక్స్‌చెకర్ చేశారు. నిజానికి అక్కడ ఏ ఉపసర్గా లేదు, ఆ ఎస్ షాహ్ తాలూకు శిథిలం. ఒక తరం దిద్దిన తప్పును ప్రమాణంగా తీసుకొని ఇంకొక తరం చెక్కును దిద్దింది. దాన్ని చట్టంలో పెట్టి ఓడ మీద మనకు పంపింది. మనం దాన్ని శుద్ధమైన ఇంగ్లిషుగా నేర్చుకొని, అమెరికా నుంచి వచ్చిన తమ్ముళ్లను సరిదిద్దుతున్నాం.

ఈ కచేరీకి మరో చెక్కు కూడా ఉండేది. దాని పేరు టాలీ. కట్టిన సొమ్మును గాట్లుగా కర్ర మీద కోసి, కర్రను నిలువునా చీల్చి చెరో ముక్క ఉంచుకునేవారు. తరవాత రెండూ కలిపి చూస్తే గాట్లు కలవాలి. కర్రలో పొట్టి ముక్క పేరు ఫాయిల్, మన కౌంటర్‌ఫాయిల్ పేరుకు వేరు అదే. 1826లో ఈ పద్ధతి ముగిసింది. గుట్టలుగా మిగిలిన పాత కర్రలను 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ పొయ్యిల్లో వేసి తగలబెట్టబోతే ఆ మంట పార్లమెంటు భవనాన్నే మింగేసింది. చిత్తుకాగితాలు పారేయమని ఇంట్లో సతాయించేవాళ్లకు ఈ చరిత్ర చెప్పవచ్చు.

పాఠాంతరంపై సిద్ధాంతం: తెలుగులో రెండు స్పెల్లింగులూ ఒకటే. ద్విత్వ కకారం, దాని మీద ఉకారం, అంతే. గిల్బార్ట్ శ్రమపడి విడదీసిన కవలలను తెలుగు గుమాస్తా ఒక్క కొమ్ముతో మళ్లీ కలిపేశాడు. ఇంగ్లిషులో ఈ మాట తొలిరోజుల్లో ఎలా ఉండేదో, అంటే ఆటకూ అడ్డుకూ లెక్కకూ ఒకే రూపంతో, తెలుగులో ఇప్పుడు అలా ఉంది. కాబట్టి పద్యంలో స్పెల్లింగు తప్పు లేదు. తప్పు పట్టిన అన్నగారికి చెక్కు.

పనిలో పనిగా ఆ కాగితం గుణగణాలు కొన్ని. దాని మీద ఖాతాదారు హిందీ, ఇంగ్లిషులే కాదు, ప్రాంతీయ భాషలోనూ రాయవచ్చు. తెలుగులో నింపి ఇచ్చి కౌంటరులో మొహాలు చూడటం ఒక వినోదం. 2012 ఏప్రిల్ 1 నుంచి దాని ఆయుష్షు మూడు నెలలు. ఖాతాలో సొమ్ము లేక తిరిగొస్తే 138వ సెక్షను, ఇది 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మన ఊళ్లలో ఫైనాన్సు ఇచ్చేవాడు అప్పుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు పుచ్చుకుని బీరువాలో పెట్టుకుంటాడు. అతను దాన్ని బ్యాంకులో వేయడానికి తీసుకోడు. అవసరమైనప్పుడు వేస్తానని చెప్పడానికే తీసుకుంటాడు. వందల ఏళ్లు తిరిగి బ్యాంకు కాగితమైన మాట ఆ బీరువాలో చేరగానే మళ్లీ మొదటి అర్థం సంపాదించుకుంది: అప్పు తీసుకున్నవాడు రాజు, ఎటు కదిలినా గడి లేదు. పారశీకుడు కనీసం నోరు తెరిచి హెచ్చరించేవాడు.

ద్వితీయ పాదం

‘చెక్కులున్న చొక్క.’ ఇక్కడ వైయాకరణులు రెండు ఆక్షేపణలు తెస్తారు. చొక్కా అనకుండా చొక్క అనడమేమిటి? గణం కోసం. కవి చొక్కా కురచ చేశాడే తప్ప కవిత్వాన్ని కురచ చేయలేదు. రెండు, లోకంలో ‘చెక్స్ చొక్కా’ అంటారు గాని చెక్కుల చొక్కా అనరు కదా. నిజమే. బ్యాంకువాటికి చెక్కులు, గుడ్డ మీదివాటికి చెక్స్ అని తెలుగువాడు బహువచనంతో తేడా చూపుతాడు. ఇంగ్లిషువాడు స్పెల్లింగుతో చేసిన పనిని మనవాడు ప్రత్యయంతో చేశాడు. కవి ఆ తేడాను చెరపడం దోషమే. ఆర్షప్రయోగమని సర్దుకోవాలి.

అచ్చతెలుగులో గళ్లు. ఏకవచనం గడి. చదరంగపు గడి, పదకేళి గడి, చొక్కా గడి అన్నీ ఒకటే. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ల గుడ్డ ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా, ముఖ్యంగా నైజీరియా చేరేది. జేబురుమాలని పేరే గాని అక్కడ దాన్ని ఒంటికి చుట్టుకొని పెళ్లిళ్లకూ పండుగలకూ వెళతారు. నేసింది తెలుగువాడు, పేరు మద్రాసుది, కట్టుకున్నది అక్కడి కలబరి తెగ. దానికి దగ్గరి చుట్టం తేలియా రుమాలు, నూలును నూనెలో నానబెట్టి, ముడులు కట్టి రంగులద్దే నేత. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమెరికాలో 1950ల చివర మద్రాసు గళ్ల గుడ్డను, ఉతికినప్పుడల్లా రంగు కారుతుందనే సంగతినే గొప్పగా చెప్పి అమ్మారు. మన ఇంట్లో అదే చొక్కా పక్క పంచెకు రంగంటిస్తే బట్టలకొట్టు వాడితో తగాదా.

‘చెక్కు చేసి’ అంటే చొక్కాను పరీక్షించి అని కొందరి అన్వయం. చొక్కాలో పరీక్షించడానికేముంది? పెట్టెలో పెట్టి విమానానికి అప్పగించడమే ఇక్కడ గ్రాహ్యం. 19వ శతాబ్దపు అమెరికా రైళ్లలో సామానుకొక ఇత్తడి బిళ్ల, అదే అంకె ఉన్న జోడు బిళ్ల ప్రయాణికుడికి ఇచ్చేవారు. రెండూ కలిస్తేనే పెట్టె చేతికి. చీల్చిన కర్ర, కౌంటర్‌ఫాయిలు, ఇత్తడి బిళ్ల, ఇప్పుడు బోర్డింగ్ పాసు వెనక అంటించే బార్‌కోడు చీటీ, అన్నీ ఒక వంశమే. పెట్టె హైదరాబాదు రాకుండా దోహా పోయినప్పుడు కవికి మిగిలేది వంశవృక్షం ఒక్కటే.

తృతీయ పాదం

‘కాడ’ గ్రామ్యమని, ‘కడ’ అని దిద్దాలని ఛాందసులు. దిద్దితే గణం పోతుంది, ఊరి వాసనా పోతుంది. అలాగే ఉండనిద్దాం.

చెక్కుపోస్టు మనవైపు ఇంగ్లిషు వాడుక. బయటివాళ్లు చెక్‌పాయింట్ అంటారు. బెర్లినులో తూర్పు పడమరల నడుమ ప్రసిద్ధికెక్కిన చెక్‌పాయింట్ చార్లీకి ఆ పేరు చార్లీ అనే మనిషి వల్ల రాలేదు. అల్ఫా, బ్రావో తరవాత మూడోది గనక, సైనికుల అక్షరమాలలో మూడో అక్షరం చార్లీ గనక వచ్చింది. మన కవి శంషాబాదులో దిగి విజయవాడ దారి పట్టాడని ఊహిస్తే, పద్యంలోని చెక్కుపోస్టు జగ్గయ్యపేట దగ్గరి గరికపాడుదై ఉండాలి. కరోనా రోజుల్లో రెండు రాష్ట్రాల మధ్య ఆ గేటు దగ్గర ఆగినవారికి చెక్కు అంటే ఆపడమన్న ప్రాచీనార్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. తిరుపతి వెళ్లేవారికి అలిపిరి ఉంది. హైదరాబాదు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మాత్రం ఎవరూ ఎవరినీ సోదా చేయరు. మెట్రో స్టేషనుకు కూడా అదే పేరు పెట్టుకొని, ఆపే పనిని ట్రాఫిక్కుకు వదిలేసింది.

చతుర్థ పాదం

ఇక్కడ కవి అసలు నేర్పు. ‘చెక్కు చెదరలేదు’లోని చెక్కు ఇంగ్లిషుది కానే కాదు. పైపొర, తొక్క అని అర్థమున్న తెలుగు చెక్కు. దోసకాయకు చెక్కు తీయడంలో ఉన్నదే. పైపొర కూడా చెదరలేదంటే ఏమీ కాలేదని. ప్రబంధాలు చదివినవారు చెక్కు అంటే చెక్కిలి కూడా కదా, చెక్కుటద్దాలు అనలేదా, కవి బుగ్గ చెదరలేదని అన్వయించరాదా అంటారు. పదహారు గంటలు కిటికీకి బుగ్గ ఆనించి నిద్రపోయినవాడి విషయంలో ఆ అన్వయం ప్రత్యక్ష విరుద్ధం.

చివరి ‘చెక్కుము’లో సంధి సులభం, అర్థం కష్టం. చెక్‌ చేయుము అనే అన్యదేశ్యానికి తెలుగు ఆజ్ఞార్థకం నేరుగా తగిలించడం సాహసం. దాన్ని తెలుగు ధాతువుగానే తీసుకొని ‘ఈ పద్యాన్ని శిల మీద చెక్కుము’ అని చెప్పే పక్షం ఒకటుంది. కవి వినయశీలి అయితే మొదటిది, కాకపోతే రెండోది. వాడుకలో చెక్కేయడమంటే పారిపోవడం కూడా గనక ‘ఇక నువ్వు దయచేయి అన్నా’ అనే మూడో అర్థం పుట్టవచ్చు. చెక్కు ఇచ్చి చెక్కేసినవాళ్లు కోర్టు రికార్డుల్లో కావలసినంత మంది ఉన్నారు. కాని తమ్ముడు అన్నను అంత మాట అనడు.

అలంకార విచారం

అక్షరాలు అవే ఉండి అర్థం మారితే యమకం. పదం, అర్థం రెండూ అవే ఉండి తాత్పర్యం మాత్రం మారితే లాటానుప్రాస. పద్యం వినగానే అందరూ యమకమంటారు. బిల్లు వేరు, గళ్లు వేరు, సోదా వేరు కదా. మా మతం వేరు. మొదటి మూడు పాదాల్లోని ఆరు చెక్కులూ ఒకే కేక. హోటలు చీటీ, బ్యాంకు కాగితం, చొక్కా గడి, పెట్టె బిళ్ల, ఆపే గేటు, సోదా ఆరింటి కిందా ఒకే రాజు కూర్చొని ఉన్నాడు. పదం ఒకటే, మూలార్థమూ ఒకటే, సందర్భమే వేరు. కాబట్టి ఆరూ లాటానుప్రాస. చతుర్థ పాదంలో తెలుగు చెక్కు వచ్చి వాటిని ఢీకొన్నప్పుడే అసలైన యమకం పుడుతుంది. చివరి ‘చెక్కుము’ రెండు వైపులా మాట్లాడుతుంది గనక శ్లేష. నాలుగు పాదాల్లో మూడు అలంకారాలు. కవి వీటిలో ఏదీ ఉద్దేశించలేదని ఎవరైనా అంటే, కవి ఉద్దేశం వ్యాఖ్యాతకు ప్రమాణం కాదని సమాధానం.

ఇక కవి వదిలేసిన చెక్కులు. వేటడేగ తన ఎరను వదిలి మధ్యలో ఎగిరిన ఏ కాకి వెంటో పడితే డేగలవాళ్లు దాన్ని చెక్కనేవారు. పచ్చి కలప ఆరేటప్పుడు పడే బీటలు చెక్కులే. పేకాట పోకరులో పందెం కాయకుండా వంతు దాటేయడం చెక్కు. అమెరికాలో 1880లలో వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగితే, మళ్లీ వచ్చి చూసుకోమని ఇచ్చిన చీటీ రెయిన్ చెక్. రాయలసీమ వాగుల మీద కట్టే చెక్‌డ్యాముల గురించి ఒక్క పాదమైనా ఉండవలసింది. నీరు పారిపోకుండా ఆపి నేలలోకి ఇంకించే ఆ చిన్న కట్ట కన్నా ఈ మాటకు నిఖార్సైన ఉదాహరణ లేదు. ఇది కవిలోపమే. అమెరికా హోటళ్లలో వాగులు కనబడకపోవడం వల్ల జరిగిందని ఊహ.

చెక్ రిపబ్లిక్‌ను చేర్చలేదని మాత్రం తప్పు పట్టకూడదు. చెకోస్లొవేకియా 1993 జనవరి 1న రెండయ్యాక మిగిలిన ఆ దేశం పేరు తెలుగులో అచ్చం ఇదే అయినా, అది అక్కడి జాతి పేరు, రాజుతోగాని గళ్లతోగాని సంబంధం లేనిది. ఇంగ్లిషులో దాని మొదట్లో సి, జెడ్ అనే వింత జోడు ఉంటుంది. అది పోలిష్ రాత. చెకులు కూడా ఒకప్పుడు అలాగే రాసి, తరవాత సి మీద చిన్న గుర్తు పెట్టుకొని జెడ్‌ను సాగనంపారు. సొంత చెక్కు స్పెల్లింగు మార్చుకున్న ఇంగ్లిషువాళ్లు పరాయి చెక్కు పాత స్పెల్లింగును మాత్రం ఇప్పటికీ పదిలంగా దాచి ఉంచారు.